రేడియో మొబైల్, కూజా: ఏడాది కాపురం చేశాక నా రివ్యూ

ముందే చెప్తున్నా, నేను ప్రొఫెసర్నీ కాదు, పీహెచ్‌డీ స్టూడెంట్నీ కాదు. గుంటూరు బ్రాడీపేటలో చిన్న రూము పెట్టుకుని సీసీ కెమెరాలు, నెట్‌వర్క్ కేబులింగు, ఈమధ్య సెన్సర్ల పనులు చేసుకునేవాణ్ణి. ఈసీఈ చదివా గానీ మా కాలేజీలో సిమ్యులేషన్ అంటే సీనియర్ రికార్డులో ఉన్న గ్రాఫు మన రికార్డులో దించుకోవడం, అంతే. అలాంటోణ్ణి ఏడాది పాటు ఈ రెండు సాఫ్ట్‌వేర్ల మీద (రేడియో మొబైల్ సిగ్నల్ ఎందాకా పోద్దో లెక్కేస్తది, కూజా సెన్సర్ల నెట్‌వర్క్‌ని కంప్యూటర్లోనే నడిపి చూపిస్తది) పడి దెబ్బలు తిన్నా కాబట్టి రాస్తున్నా, ఎవరికైనా డబ్బులూ డీజిలూ మిగులుతాయని.

కిందటేడు ఆగస్టులో మా పెదనాన్న వరసయ్యే ఆయన ఫోన్ చేశాడు. ఆయనకి ప్రత్తిపాడు వైపు మిరప చేను ఉంది, గుంటూరు బయట ఒక కోల్డ్ స్టోరేజీలో వాటా ఉంది. చేలో తేమ ఎంత, స్టోరేజీలో ఏ ఛాంబర్లో ఏ అంతస్తులో ఎంత చల్లగా ఉంది, రెండూ ఫోన్లో కనపడాలంట. "ఎన్ని డబ్బాలు కావాలో లెక్క చెప్పరా అబ్బాయ్, ముందు కొని తర్వాత చాల్లేదంటే ఊరుకోను" అన్నాడు. నాకు చెమటలు పట్టినయ్, ఎందుకంటే ఎన్ని కావాలో నాకూ తెలీదు. పైగా ఆయన మాట నిజమే, ఇట్లాంటి పనుల్లో బోర్డు ధర కంటే పదిసార్లు అటూ ఇటూ తిరగడమే ఎక్కువ ఖర్చు. అందుకని ప్లానింగు సాఫ్ట్‌వేర్లు వెతకడం మొదలుపెట్టా.

ఎన్‌ఎస్-3 చూశా, బాగానే ఉంది, ఫ్రీనే, కానీ అంతా సీ++లో మనమే రాసుకోవాలి, పేపర్లు రాసేవాళ్ళకి సరిపోద్ది. ఓమ్‌నెట్++ చూడ్డానికి అందంగా ఉంది గానీ అది చదువులకీ రిసెర్చికీ ఫ్రీ, డబ్బులు తీసుకుని పని చేసేవాడైతే ఓమ్‌నెస్ట్ అని వేరే లైసెన్సు కొనాలి, ఈ ముక్క చాలామంది చూసుకోరు. చివరికి చేనుకి రేడియో మొబైల్, స్టోరేజీకి కూజా అని ఫిక్స్ అయ్యా.

రేడియో మొబైల్ సంగతి ముందు. కెనడాలో రోజర్ కూడే అని హామ్ రేడియో (సరదా కోసం సొంతంగా రేడియో నడిపే) ఆయన రాసింది, విండోస్‌లో నడుస్తది, ఫ్రీ. ఓపెన్ చేస్తే మన చిన్నప్పటి ఇంటర్నెట్ సెంటర్ గుర్తొస్తది, బూడిద రంగు డబ్బాలు, మెనూలో మెనూ, ఎక్కడ నొక్కితే ఏం జరుగుద్దో తెలీదు. మొదటి రెండు రోజులు నేను మ్యాపు కూడా తెచ్చుకోలేకపోయా. కానీ దాని లోపల ఉన్న లెక్క గట్టిది. లాంగ్లీ-రైస్ అని పాత మోడల్, 20 మెగాహెర్ట్జ్ నుంచి 20 గిగాహెర్ట్జ్ దాకా పనికొస్తది, రెండు పాయింట్లు ఇస్తే మధ్యలో నేల ఎత్తుపల్లాలు చూసి సిగ్నల్ ఎంత మిగులుద్దో చెప్తది. ఆ ఎత్తుపల్లాల డేటా 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ 11 రోజులు తిరిగి రాడార్‌తో కొలిచింది. ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తది.

కొండలు ఉన్నచోట ఇది సూపర్. డౌట్ ఉంటే బెజవాడలో ట్రై చేయండి. మా ఫ్రెండు భవానీపురంలో ఉంటాడు, నేను గవర్నర్‌పేటలో ఒక డాబా ఎక్కా, ఇద్దరి దగ్గరా లోరా (తక్కువ పవర్‌తో దూరం పోయే రేడియో) బోర్డులు, మెష్‌టాస్టిక్ (బోర్డు నుంచి బోర్డుకి మెసేజ్‌లు దాటించే సాఫ్ట్‌వేర్) వేసినవి. మధ్యలో ఇంద్రకీలాద్రి. సాఫ్ట్‌వేర్ ముందే ఎర్ర గీత చూపించింది, రాదు ఫో అని. నిజంగానే ఒక్క మెసేజ్ రాలా. ఏటికి అవతల సీతానగరం కొండ మీద మూడో బోర్డు పెడితే రెండు వైపులా పచ్చగీత చూపించింది, పెట్టి చూస్తే గంటసేపు మెసేజ్‌లు టకటకా వచ్చినయ్, అమ్మవారి కొండ చుట్టూ తిరిగొచ్చినట్టు. ఆ రోజు నేను ఈ సాఫ్ట్‌వేర్‌కి భక్తుణ్ణి అయిపోయా, అదే తప్పయింది.

ఎందుకంటే ప్రత్తిపాడులో కొండలు లేవు. నల్లరేగడి, చాప పరిచినట్టు చదును. నేల చదునుగా ఉంటే ఈ సాఫ్ట్‌వేర్ ఏది అడిగినా ఓకే అంటది. చేను బోరు దగ్గర నోడు (సెన్సరూ రేడియో ఉన్న బోర్డు) 2 మీటర్ల కర్ర మీద, ఊళ్ళో పెదనాన్న డాబా మీద గేట్‌వే (నోడు పంపింది అందుకుని ఇంటర్నెట్‌కి ఎక్కించే డబ్బా) నేల నుంచి 9 మీటర్ల ఎత్తులో, మధ్య దూరం 3 కిలోమీటర్లు. ఫ్రీక్వెన్సీ 866 మెగాహెర్ట్జ్ (మనకి 865 నుంచి 868 దాకా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు, 2021 రూల్స్ ప్రకారం, అంతకుముందు 867 దాకానే ఉండేది, అమెరికా వీడియోలు చూసి 915 పెట్టుకోమాకండి). పవర్ 14 డీబీఎం, యాంటెన్నాలు 2 డీబీఐవి (డీబీ అంటే సిగ్నల్ బలం లెక్క, ప్రతి 10 డీబీకి పది రెట్లు తేడా). ఉత్త గాలిలో అయితే 3 కిలోమీటర్లకి పోయేది 101 డీబీ. నేల దగ్గరగా ఉంటే నేల మీద పడి తిరిగొచ్చే సిగ్నల్ అసలు దాన్ని కొట్టేస్తది కాబట్టి 114 దాకా పోద్ది. అయినా రేడియో మొబైల్ 30 డీబీ మార్జిన్, అంటే అవసరానికి మించిన బలం, మిగులుద్దని చూపించింది. 30 డీబీ అంటే వెయ్యి రెట్లు. ఇంకేం కావాలి, పెట్టేశా.

ఇక్కడ ఒక తమాషా. గీత మధ్యలో నాలుగైదు మీటర్ల గుట్ట ఒకటి చూపిస్తది సాఫ్ట్‌వేర్‌లో. ఆ ఊళ్ళో గుట్ట ఎక్కడిది? బండేసుకుని వెళ్ళి చూస్తే పత్తి చేను, చదును. అక్కడ కాపలా తాతని అడిగితే "ఇక్కడ చింత తోపుండేది బాబూ, కొట్టేసి చానా ఏళ్ళయింది" అన్నాడు. అంటే షటిల్ రాడార్ అప్పట్లో చింతచెట్ల తలలు చూసి నేల అనుకుని రాసుకుంది. తోపు పోయింది, గుట్ట మాత్రం కంప్యూటర్లో ఉండిపోయింది. నేను నవ్వుకున్నా గానీ అందులో ఉన్న వార్నింగ్ అర్థం చేసుకోలా. లేని చెట్లు ఉన్నాయనుకునేది, ఉన్న చెట్లు లేవని కూడా అనుకుంటది కదా.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బ్రహ్మాండంగా నడిచింది. పెదనాన్న పేకాట దగ్గర అందరికీ ఫోన్ చూపించేవాడు. సంక్రాంతి వెళ్ళాక పొద్దున 5 నుంచి 9 మధ్యలో డేటా రావడం ఆగింది. బ్యాటరీ అనుకున్నా, మార్చా. సోలార్ అనుకున్నా, తుడిచా. జనవరి ఆఖరికి రోజంతా రావట్లా. వెళ్ళి చూస్తే పక్క చేను ఆయన మొక్కజొన్న వేశాడు, నా నోడు తల మీద నుంచి పెరిగిపోయింది, నోడు మొక్కజొన్న మధ్య దాగుడుమూతలు ఆడుతోంది. పొద్దున పూట ఆకుల నిండా మంచు నీళ్ళు, 866 మెగాహెర్ట్జ్‌కి తడి ఆకు అంటే తడి గోడే. 30 డీబీ మొత్తం మొక్కజొన్న తినేసింది.

అప్పుడు కూర్చుని ఫ్రెనెల్ జోన్ లెక్క సరిగ్గా చూశా. సిగ్నల్ దారంలాగా సన్నగా పోదండీ, నూలు కండెలాగా మధ్యలో ఉబ్బి పోద్ది. 3 కిలోమీటర్లకి ఈ ఫ్రీక్వెన్సీలో మధ్యలో ఆ ఉబ్బు నడిమి గీత నుంచి ఎటు చూసినా 16 మీటర్లు, అందులో కనీసం 60 శాతం, అంటే దగ్గర దగ్గర 10 మీటర్లు ఖాళీగా ఉండాలి. మన 2 మీటర్ల కర్ర దాని ముందు ఏం లెక్క. రేడియో మొబైల్ ఈ మాట దాచలేదు, లింక్ విండోలో ఫ్రెనెల్ ఎంత ఉందో నంబరు వేస్తూనే ఉంది, నేనే పచ్చ గీత చూసి విండో మూసేశా. నెట్‌వర్క్ సెట్టింగుల్లో అడవి ఉంటే ఎక్స్‌ట్రా లాస్ వేసుకునే ఆప్షన్ ఉంది, వాతావరణం ఏ రకమో ఎంచుకునేది ఉంది, నేను అన్నీ డిఫాల్ట్‌లో వదిలేశా. గుంటూరు మేలో ఎట్లా ఉంటదో తెలిసి కూడా సమశీతోష్ణం అని ఉన్నదాన్ని మార్చకపోవడం నా బుద్ధితక్కువ.

5 మీటర్ల జీఐ పైపు పాతి నోడు పైకెక్కించా, ఆ సాయంత్రమే లైన్లోకొచ్చింది. యాంటెన్నా గురించి కూడా ఒక ముక్క. బెజవాడలో ఒక షాపులో 868 అని స్టిక్కర్ ఉన్నవి నాలుగు కొన్నా, ఫ్రెండు దగ్గర నానో వీఎన్‌ఏ (యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీకి ట్యూన్ అయ్యిందో చూపించే చిన్న మీటర్) ఉంటే పెట్టి చూశాం, రెండు 868 దగ్గరే ఉన్నాయి, రెండు 900 దాటాక ఎక్కడో ట్యూన్ అయ్యి ఉన్నాయి. ఏ సిమ్యులేటరూ స్టిక్కర్ అబద్ధాన్ని పట్టుకోలేదు కాబట్టి ఆ చిన్న మీటర్ ఒకటి కొనుక్కోండి లేదా అడుక్కోండి.

ఇప్పుడు కూజా. పేరు వినగానే ఇంట్లో అందరూ నవ్వారు. మా అమ్మ అయితే "వేసవి కాదు కదరా, కూజా ఎందుకు ఇప్పుడు" అంది. అది మట్టి కూజా కాదు, కాంటికీ ఓఎస్ జావా అన్న మూడు మాటల ముక్కలు కలిపి పెట్టిన పేరు. స్వీడన్‌లో ఆడమ్ డంకెల్స్ మొదలుపెట్టిన కాంటికీ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టం ఉంది, కిలోబైట్ల మెమరీ ఉన్న సెన్సర్ బోర్డుల కోసం, ఇప్పుడు దాంట్లోంచి పుట్టిన కాంటికీ-ఎన్‌జీ నడుస్తోంది, దానితో పాటు వచ్చే సిమ్యులేటరే ఇది. లైసెన్సు బీఎస్‌డీ, కమర్షియల్ పని చేసుకున్నా అడిగేవాడు లేడు.

దీని గొప్ప ఒక్కటే, ఆ ఒక్కటి చాలు. చాలా సిమ్యులేటర్లలో నోడు ఎట్లా ప్రవర్తిస్తదో మనం ఒక మోడల్ రాస్తాం, ఇందులో బోర్డులో ఎక్కించే కోడ్ ఏదైతే ఉందో అదే నడుస్తది. నా సీ ఫైల్ తీసుకెళ్ళి అట్లాగే కంపైల్ చేసి 25 నోడ్లు పెట్టా, మూడు ఛాంబర్లు, ఛాంబర్‌కి నాలుగు అంతస్తులు, అంతస్తుకి రెండు, ఆఫీసు రూములో రూట్ (అందరి డేటా వచ్చి చేరే నోడు) ఒకటి. స్పీడ్ లిమిట్ తీసేస్తే రాత్రి అన్నం తినొచ్చేలోపు రోజుల కొద్దీ నెట్‌వర్క్ జీవితం అయిపోద్ది. టైమ్‌లైన్ విండోలో ఏ నోడు రేడియో ఎప్పుడు ఆన్ అయింది, ఎప్పుడు పంపింది, ఎప్పుడు రెండు సిగ్నళ్ళు గుద్దుకున్నాయి, రంగుల్లో కనపడ్తది. ఈ విండో ఒక్కదానికే నేను డబ్బులిచ్చేవాణ్ణి.

నా కోడ్‌లో బగ్ ఒకటి అదే పట్టించింది. స్టోరేజీలో కరెంటు పోయి జనరేటర్ వస్తే అన్ని నోడ్లూ ఒకే క్షణంలో లేస్తయ్, లేచి అందరూ సరిగ్గా 60 సెకన్లకొకసారి రీడింగ్ పంపుతయ్, అంటే 24 మందీ ఒకేసారి నోరు తెరుస్తారు, పెళ్ళిలో బఫే తెరిచినట్టు. మెట్ల దగ్గరున్న నోడు మీదుగానే ఒక ఛాంబర్ డేటా అంతా పోవాలి, దాని క్యూ నిండిపోయి ప్యాకెట్లు కింద పడేస్తోంది. చిన్న రాండమ్ గ్యాప్ కలిపా, సరిపోయింది. ఇది నిజం స్టోరేజీలో కనిపెట్టాలంటే కరెంటు పోయినప్పుడల్లా నిచ్చెనెక్కి కూర్చోవాలి.

బ్యాటరీ లెక్క కూడా ఇక్కడే కళ్ళు తెరిపించింది. స్కై అని పాత బోర్డుని కూజా చిప్పుతో సహా ఎమ్యులేట్ చేస్తది (అచ్చు దానిలాగే నకలు నడుపుద్ది), దాని మీద ఉన్న సీసీ2420 రేడియో వింటూ కూర్చుంటే 18.8 మిల్లీ ఆంప్స్ తాగుద్ది. పంపేటప్పుడు 17.4. అంటే మాట్లాడేదానికంటే వినేదానికే ఖర్చు ఎక్కువ, మా ఇంట్లో కూడా అంతే అనుకోండి. కాంటికీ-ఎన్‌జీలో మామూలు సీఎస్‌ఎంఏ (ఎవరూ మాట్లాడట్లేదని విని అప్పుడు పంపే పద్ధతి) పెడితే రేడియో ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటది, 2500 ఎంఏహెచ్ ఏఏ సెల్సు వేస్తే 133 గంటలు, ఐదున్నర రోజులు. నేను పెదనాన్నకి ఏడాది అని చెప్పి ఉన్నా! బోర్డు మారితే నంబరు మారుద్ది గానీ కథ అదే. దెబ్బకి ప్లాన్ మార్చి, వేరేవాళ్ళ డేటా మోసే నోడ్లన్నిటికీ లైట్ల వైరింగ్ నుంచి పవర్ లాగాం, చివర్న ఉండేవి మాత్రం నిద్రపోయి లేచి పంపి మళ్ళీ పడుకునేవి పెట్టాం.

తిట్లు. ఇన్‌స్టాల్ చెయ్యడం నరకం, నా జావా వెర్షన్ దానికి నచ్చలేదు, చివరికి డాకర్ ఇమేజ్ (అన్నీ ముందే సర్ది పెట్టిన ప్యాకేజీ) తీసుకుంటే అరగంటలో పని అయింది, మీరు మొదటే అది తీసుకోండి. స్కై బోర్డుకి ఉన్నదే 48 కేబీ ఫ్లాష్, 10 కేబీ ర్యామ్, ఎన్‌క్రిప్షన్ ఆన్ చేస్తే కోడ్ పట్టట్లేదని లింకర్ (కోడ్ ముక్కలు కలిపే ప్రోగ్రాం) మొత్తుకుంటది. నేను నిజంగా వాడిన ఎన్‌ఆర్‌ఎఫ్52840 చిప్పుని కూజా ఎమ్యులేట్ చెయ్యదు, కూజా మోట్ అని వాళ్ళ ఉత్తుత్తి నోడు వాడాలి, అందులో కోడ్ నడవడానికి టైమే పట్టనట్టు లెక్క, కాబట్టి టైమింగ్ విషయాలు నమ్మకూడదు. నోడుకి జెడ్ కోఆర్డినేట్ (ఎత్తు) ఇవ్వొచ్చు గానీ స్క్రీన్ మీద పైనుంచి చూసినట్టే ఉంటది, నాలుగంతస్తుల నోడ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటయ్, నేను ఒక్కో అంతస్తుని పక్కకి జరిపి గీసుకుని దూరాలు గందరగోళం చేసుకున్నా.

అసలు దెబ్బ వేరే. కొత్త సిమ్యులేషన్ తెరిస్తే రేడియో ఎట్లా ఉండాలి అన్నదానికి యూడీజీఎం అని డిఫాల్ట్ ఉంటది. నోడు చుట్టూ 50 మీటర్ల సర్కిల్, అందులో ఉన్నోడికి 100 శాతం వినపడుద్ది, 100 మీటర్ల దాకా ఇంటర్‌ఫియరెన్స్. గోడ లేదు, తలుపు లేదు, రేకు లేదు. నేను కాస్త తెలివిగా జనవరిలో స్టోరేజీకి వెళ్ళి రెండు బోర్డులతో తిరిగి కొలిచే 50ని 20కి తగ్గించా, అంతా కలిసింది, పెట్టేశా, ఫిబ్రవరి అంతా బాగుంది. ఏప్రిల్‌కి సగం నోడ్లు కనపడట్లా.

జనవరిలో ఛాంబర్లు ఖాళీ! ఏప్రిల్‌కి కొత్త పంట వచ్చి నేల నుంచి పైకప్పు దాకా టిక్కీలు (మిరప బస్తాలు). ఎండుమిరప కాయలో కూడా కాస్త తేమ ఉంటది, గోనె సంచిలో కుక్కి వందల కొద్దీ పేరిస్తే 2.4 గిగాహెర్ట్జ్‌కి అది కొండే. ఖాళీగా ఉన్నప్పుడు మైనస్ 62 డీబీఎం ఉన్న లింకు నిండాక మైనస్ 88. ఇంకొన్నిటికి అసలు చప్పుడే లేదు. ఇన్సులేషన్ ప్యానెల్సుకి రెండు వైపులా రేకు, తలుపుకీ రేకు, తలుపేస్తే ఛాంబర్ ఒక ఇనప్పెట్టె. ముఠా వాళ్ళు (హమాలీలు) తలుపు తీసి లోడు దించేటప్పుడు నెట్‌వర్క్ లేచి కూర్చుంటది, వెయ్యగానే పడుకుంటది. పెదనాన్న ఒక మాట అన్నాడు, ఇప్పటికీ మర్చిపోలా: "నువ్వు కంప్యూటర్లో కూజా పెట్టుకుని కూర్చుంటే నా టిక్కీలు చల్లగా ఉంటయ్యా అబ్బాయ్?"

మళ్ళీ వెళ్ళా. ముక్కుకి తువ్వాలు కట్టుకుని, ఘాటుకి దగ్గుకుంటూ, ఈసారి నిండు ఛాంబర్లో, తలుపు తీసి ఒకసారి, వేసి ఒకసారి, ప్రతి జతకీ 200 ప్యాకెట్లు పంపి ఎన్ని అందినయ్యో పుస్తకంలో రాసుకున్నా. రెండు రోజులు పట్టింది. అప్పుడు తెలిసింది కూజాలోనే డీజీఆర్‌ఎం అని ఇంకో మోడల్ ఉందని. అందులో సర్కిళ్ళు ఉండవు, ఎవరి నుంచి ఎవరికి ఎంత శాతం అందుద్దో మనమే ఒక్కో గీతకి ఇస్తాం, వెళ్ళేటప్పుడు ఒకటి వచ్చేటప్పుడు ఒకటి కూడా ఇవ్వొచ్చు. నా పుస్తకం లెక్కలు అందులో ఎక్కించి తలుపు వేసిన కేసు నడిపితే స్టోరేజీలో ఏ నోడ్లు పోయినయ్యో సిమ్యులేషన్లో అవే పోయినయ్. అచ్చు అవే. ఆ నిమిషంలో కూజా మీద కోపం పోయింది.

అక్కణ్ణుంచి కుర్చీలోనే పని. నోడు ఇటు జరిపితే ఎట్లా, అటు పెంచితే ఎట్లా అని ఓ ఇరవై రకాలు చూసి, చివరికి ప్రతి తలుపు దగ్గర లోపలొకటి బయటొకటి పెట్టి మధ్యలో కేబుల్ గ్లాండ్ బొక్కలోంచి వైరు లాగేశా. వైర్‌లెస్ మెష్‌కి వైరు ఏందని అడక్కండి, రేకుతో వాదించలేం. ఛానెల్ 26లో పెట్టా, ఆఫీసు వైఫైకి దూరంగా ఉంటదని, కాంటికీ డిఫాల్ట్ కూడా అదే. ముందు నూటికి 71 రీడింగులు వచ్చేవి, ఇప్పుడు 97 వస్తున్నయ్, ఛాంబర్లు నిండి తలుపులు వేసి ఉన్నప్పుడు లెక్క ఇది.

స్టార్లు అడిగితే కూజాకి 4, రేడియో మొబైల్‌కి మూడున్నర, అర తగ్గించింది ఆ మెనూల కోసం. కొండలూ ఏరూ అడ్డం ఉన్నచోట రేడియో మొబైల్ రాదు అంటే నమ్మండి, చదును నేలలో వస్తది అంటే మాత్రం పైపు కొనుక్కున్నాక నమ్మండి. కూజా కోడ్ పరీక్షకి తిరుగులేదు, దూరాల సంగతి మాత్రం దాన్ని అడగమాకండి, మీరు కొలిచి దానికి చెప్పండి. బోర్డులు కొనే ముందు రెండంటే రెండే కొని, గోడౌన్ నిండి ఉన్న రోజు, పైరు ఎదిగిన రోజు ఒకసారి తిరిగి రండి.

మొన్న ప్రత్తిపాడు వెళ్తే పక్క చేను ఆయన కనపడ్డాడు, ఈ ఏడు మొక్కజొన్న వెయ్యడంట. హమ్మయ్య అనుకునేలోపు "గేదెలకి చొప్ప లేదు, జొన్న వేస్తన్నా, మనిషి మునిగిపోద్ది" అన్నాడు. వచ్చేటప్పుడు ఇంకో రెండు మీటర్ల పైపుకి చెప్పొచ్చా.